పికప్పు బండికి పెద్ద టైర్లు: కొనే ముందు చూడవలసినవి



నేను పుట్టి పెరిగింది హైదరాబాదు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో. ఉద్యోగం మాత్రం చేవెళ్ల వైపు పల్లెల్లో. ఇల్లు ఇప్పటికీ పాతబస్తీలోనే. మా సందు మొగదల ఒక టైర్ల దుకాణం ఉంది. దానికి బోర్డు లేదు. పాత ట్రాక్టరు టైరు ఒకటి సున్నం వేసి గోడకు ఆనించి పెట్టారు, అదే బోర్డు. తెల్లవారుజామున నాలుగింటికే అక్కడ దీపం వెలుగుతుంది. పురానాపూల్ దాటి, దూద్‌బౌలి మీదుగా మీరాలం మండికి కూరగాయలు తీసుకుపోయే పికప్పు బండ్లు కొన్ని ఆ దారినే పోతాయి గనుక, ఎవరో ఒకరికి గాలి తగ్గిందనో పంక్చరయిందనో ఉస్తాదుకు పని తగులుతూనే ఉంటుంది.

ఒకనాటి ఉదయం పాల ప్యాకెట్టు కోసం బయటికి వస్తే మా క్లస్టరు రైతే ఒకాయన అక్కడ కనిపించాడు. క్యారెట్ వేస్తాడు. సరుకు మండిలో దింపి తిరిగి పోతున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

“సారూ, మంచిగ దొరికిండ్రు. మా పొలం కాడికి పోయే బాట మీకెరుకే గదా. నాలుగు చినుకులు పడితే బండి గుంజుకపోతలేదు. ఈసారి గడ్డ పైసలు జర మంచిగ వచ్చినయ్. జీపులకు ఉంటయి గదా, లావు బటన్లవి, అసుంటియి నాలుగు ఏపిద్దమనుకుంటున్న. ఏమంటరు?”

నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి ఉస్తాదు అన్నాడు: “పటేల్, పెద్ద టైరు ఏస్తే షాన్ ఉంటది. లోడు ఉంటదా లేదా, అది సూడు ముందు.”

ఈనాటి ప్రసంగమంతా ఆ ఒక్క మాట చుట్టే తిరుగుతుంది. పికప్పులు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. కూరగాయల రైతులు చాలామంది సొంతంగా కొనుక్కున్నారు, లేదా నలుగురు కలిసి కిరాయికి మాట్లాడుకుంటున్నారు. పట్నంలో షోకుకు తిరిగే జీపులను చూసి లావు టైర్ల మీద మనసు పోవడం సహజమే. వీటిని ఆల్ టెరెయిన్ టైర్లు అంటారు, అనగా అన్ని రకాల నేలల మీద పనికి వచ్చేవని. మాటవరసకు ఏ.టి. టైర్లు అందాం. ఇవి మంచివే. కాని అందరికీ, అన్ని బండ్లకూ కావు.

ముందుగా టైరు చెంప మీద ఉన్న రాత చదవడం నేర్చుకోవాలి. మన పాస్‌బుక్కులో సర్వే నంబరు ఎంతో, టైరుకు ఈ రాత అంత. ఉదాహరణకు 215/75 ఆర్ 15 అని ఉన్నదనుకోండి. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 వంతులు టైరు పక్క ఎత్తు. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు చక్రం నడిబొడ్డు వైపు నేరుగా పోయే తీరు. 15 అంటే రిమ్ము అడ్డకొలత, అంగుళాలలో. ఇంతవరకు చాలామందికి తెలుసు. అసలు సంగతి దాని పక్కనే చిన్న అక్షరాలలో ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. అక్కడ 105 అనో 109 అనో ఒక సంఖ్య, దాని వెంట ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. ఆ సంఖ్య బరువు గుర్తు. అక్షరం వేగం గుర్తు.

బరువు గుర్తు అంటే ఆ సంఖ్య అన్ని కిలోలు అని కాదు. దానికి వేరే పట్టిక ఉన్నది. 100 అని ఉంటే ఆ టైరు నిండు గాలి మీద 800 కిలోలు మోస్తుంది. 105కు 925 కిలోలు. 106కు 950. 109కి 1,030. 112కు 1,120. కొన్ని సరుకు బండ్ల టైర్ల మీద గీత పెట్టి రెండు సంఖ్యలు వేస్తారు. అప్పుడు మొదటిది ఒంటి చక్రానికి, రెండవది జంట చక్రాలకు. మన పికప్పులకు వెనక ఒంటి చక్రమే గనుక మొదటి సంఖ్య చూసుకుంటే చాలు.

ఇక్కడే మోసం ఉన్నది. మోసం అంటే ఎవరో చేసేది కాదు, మన కన్ను చేసేది. జీపులకు, పెద్ద కార్లకు చేసిన ఏ.టి. టైరు చూడడానికి లావుగా, బలంగా ఉంటుంది. సరుకు బండికి చేసిన టైరు దాని పక్కన సన్నగా, బక్కగా కనిపిస్తుంది. కాని సరుకు టైరు లోపల పొరలు గట్టివి. 8 పి.ఆర్. అనో 10 పి.ఆర్. అనో వేసి ఉంటారు. దానిలో 60 పాయింట్లకు పైగా గాలి పట్టించవచ్చు. జీపు టైరుకు చాలావాటిలో అంత గాలి పనికిరాదు. టైరులో బరువు మోసేది రబ్బరు కాదండీ, గాలి. రబ్బరు ఆ గాలికి సంచి మాత్రమే. సంచి ఎంత లావున్నా దానిలో తక్కువ గాలే పట్టేటట్టయితే తక్కువ బరువే మోస్తుంది. కాబట్టి పాత టైరు మీద 109 ఉండి, మీరు మురిసి కొన్న కొత్త లావు టైరు మీద 105 ఉంటే, ఒక్కొక్క చక్రం దగ్గర 105 కిలోలు పోగొట్టుకున్నట్టు. వెనక రెండు చక్రాలకు 210 కిలోలు. డబ్బు ఎక్కువ పెట్టి బలం తక్కువ కొన్నారన్నమాట.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నాలుగేళ్ల క్రితం మే నెలలో మా బావ బండికి ఇదే జరిగింది. ఆయన తన పికప్పుకు లావు టైర్లు వేయించుకున్నాడు. చూసినవాళ్లంతా బాగున్నాయన్నారు. టమాటా అరవై క్రేట్లు ఎత్తాడు. క్రేటుకు పాతిక కిలోలు, మొత్తం పదిహేను క్వింటాళ్లు. బండి సొంత బరువులో వెనక వాటా కూడా కలిపితే వెనక ఇరుసు మీద ఇరవై క్వింటాళ్లకు తగ్గదు. అంటే టైరుకు 1,000 కిలోలు. టైరు మీద ఉన్నది 105. పైగా గాలి 35 పాయింట్లే. చేవెళ్ల నుంచి పట్నం వచ్చే దారిలో పెద్ద పెద్ద మర్రిచెట్లు ఉన్నాయి కదా, అక్కడ మధ్యాహ్నపు ఎండలో వెనక ఎడమ టైరు పేలింది. బండి అడ్డం తిరిగి ఒక మర్రి మొదలుకు రెండు గజాల దూరంలో ఆగింది. క్రేట్ల మీద కూర్చున్న కుర్రవాడు కింద పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ చెయ్యి పైకి ఎత్తలేడు. టైర్లు అమ్మినవాడిని నేను తప్పు పట్టను. మా బావ పెద్ద టైరు కావాలని అడిగాడు, అతను పెద్ద టైరు ఇచ్చాడు. బరువెంత అని ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదు. ఆ టైర్లు చూసి బాగున్నాయన్నవాళ్లలో నేనూ ఉన్నాను. (సరుకు మీద మనిషిని కూర్చోబెట్టడం అసలే తప్పు. అది వేరే ప్రసంగం.)

మరి మన బండి టైరు ఎంత బరువు మోస్తున్నదో తెలిసేది ఎట్లా? చాలా తేలిక. మామూలుగా ఎత్తే లోడుతోనే ధర్మకాంటాకు పొండి. బండి మొత్తం ఎక్కించి ఒకసారి తూయండి. తరువాత ముందు చక్రాలు కాంటా దాటించి, వెనక చక్రాలు మాత్రం పళ్లెం మీద ఉండేటట్టు నిలిపి ఇంకొకసారి తూయండి. ఆ రెండవ తూకం సగం చేస్తే ఒక్కొక్క వెనక టైరు మీది బరువు తెలుస్తుంది. 1,900 కిలోలు వచ్చిందనుకోండి, టైరుకు 950. అంటే 106కు తక్కువ గుర్తున్న టైరు మీ బండికి పనికిరాదు. 106 కూడా అంచు మీద ఉన్నట్టే. గుంతలో పడ్డప్పుడు, లోడు ఒకవైపు ఒరిగినప్పుడు ఒక్క టైరు మీదికే ఎక్కువ బరువు వస్తుంది గనుక ఇంకా రెండు మూడు మెట్లు పైన ఉన్నది తీసుకోవాలి. అసలు కొలత ఏమిటంటే, బండితో పాటు కంపెనీ ఇచ్చిన టైరు మీద ఎంత ఉన్నదో అంతకు తగ్గరాదు. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద చిన్న రేకు గాని కాగితం గాని అంటించి ఉంటుంది. దాని మీద టైరు కొలత, గాలి పాయింట్లు రాసి ఉంటాయి. రంగు వేయించినప్పుడు దాని మీద కూడా పూసేసి ఉంటే బండితో వచ్చిన పుస్తకంలో చూడండి.

బరువు సంగతి తేలిన తరువాత ఎత్తు సంగతి. పెద్ద టైరు వేస్తే బండి చాలా పైకి లేస్తుందని అందరూ అనుకుంటారు. లెక్క చూడండి. 215/75 ఆర్ 15 టైరు పూర్తి ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్ 15 వేస్తే 733. తేడా 30 మిల్లీమీటర్లు. కాని బండి లేచేది అందులో సగమే, ఎందుకంటే ఇరుసు చక్రం నడుమ ఉంటుంది. అంటే 15 మిల్లీమీటర్లు, బొటనవేలి గోరంత. దానికోసమా ఇంత ఖర్చు? ఇంకా పెద్దవి, 31 అంగుళాల ఎత్తు టైర్లు ఉన్నాయి. అవి వేస్తే బండి 42 మిల్లీమీటర్లు లేస్తుంది. అప్పుడు మొదలవుతాయి చిక్కులు.

చక్రం పెద్దదయితే ఇంజను ఒక్క తిప్పుకు ఎక్కువ దూరం నెట్టవలసి వస్తుంది. కాబట్టి లాగే బలం తగ్గుతుంది. 31 అంగుళాల టైరుతో సుమారు పదింట ఒక వంతు తగ్గుతుంది. చెరువు కట్ట ఎక్కేటప్పుడు, నిండు లోడుతో పొలం గట్టు దాటేటప్పుడు మొదటి గేరులో క్లచ్చు సగం తొక్కి లాగిస్తారు. ఆ క్లచ్చు ప్లేటు ఏడాదికే కాలిపోతుంది. బ్రేకుకూ ఇదే కష్టం. చక్రం పెద్దదయిన కొద్దీ దాన్ని ఆపడానికి ఎక్కువ పట్టు కావాలి. బ్రేకు మాత్రం పాతదే. స్పీడు ముల్లు కూడా తప్పు చెబుతుంది. మునుపు సరిగ్గా చూపుతున్నదనుకుంటే, ముల్లు 60 చూపినప్పుడు బండి నిజానికి 67 మీద పోతుంటుంది. డీజిలు లెక్కలో కూడా కిలోమీటర్లు తక్కువ పడతాయి గనుక బండి ఎక్కువ తాగుతున్నదని అనుమానం వస్తుంది. అందులో కొంత అనుమానం కాదు, నిజమే. ఏ.టి. టైరు బటన్లు తారురోడ్డు మీద బరువుగా దొర్లుతాయి, చప్పుడు కూడా చేస్తాయి.

లావు టైరుకు రిమ్ము కూడా సరిపోవాలి. 235/75 టైరు 6 అంగుళాలకన్న సన్న రిమ్ము మీద కూర్చోబెడితే నడుమ ఉబ్బి, నడుమే అరిగిపోతుంది. మలుపులో ఊగుతుంది. వెడల్పు రిమ్ము వేసి చక్రం బయటికి తన్నేటట్టు చేస్తే బేరింగు మీద భారం పడుతుంది. ఇక మా హుస్సేనీ ఆలం సందుల వంటి చోట స్టీరింగు పూర్తిగా కోసినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. ఖాళీ బండి మీద రాసుకోనిది లోడు పడ్డాక రాసుకోవచ్చు. దుకాణంలో ఖాళీ బండిని అటూ ఇటూ తిప్పి చూసి సంతోషపడకండి. లోడు మీద, ఒక చక్రం గడ్డ ఎక్కించి, స్టీరింగు చివరిదాకా కోసి, అప్పుడు టైరుకూ రేకుకూ నడుమ రెండు వేళ్లు దూరుతున్నాయా చూడండి.

చట్టం సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ వారు మొదట నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కంపెనీ ఆ బండికి ఒప్పుకున్న కొలతలలో మారిస్తే చిక్కు లేదు. దాన్ని దాటితే ప్రమాదం జరిగిననాడు బీమా వారికి వంక దొరుకుతుంది.

ఇంత విన్న తరువాత మా క్యారెట్ రైతు అన్నాడు: “అయితె బురదల బండి ఎట్ల ఎల్లాలె సారూ? కష్టం మాది గదా.”

న్యాయమైన ప్రశ్నే. మరునాడు ఆయన పొలానికి పోయాను. రోడ్డు దిగినాక ఎర్ర చల్కా నేల, మొరం బాట. అక్కడ చిక్కు లేదు. చెలక దాటాక ముప్పై నలభై గజాలు నల్లరేగడి వస్తుంది, పక్కనే కాలువ. అక్కడే బండి దిగబడేది. ఆ నలభై గజాలు దాటితే మళ్లీ గట్టినేల.

బురదలో టైరు ఎట్లా పని చేస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. పైన బురద, కింద గట్టినేల ఉంటే సన్న టైరే మేలు. బురదను కోసుకొని కింది గట్టినేలను పట్టుకుంటుంది. మన పాత కర్రచక్రాల బండ్లు చూడండి, పట్టా నాలుగు వేళ్ల వెడల్పు కూడా ఉండేది కాదు, చక్రం మాత్రం మనిషి నడుము దాటి ఉండేది. ఎత్తు చక్రం గుంతలను, గట్లను సులువుగా దాటుతుంది. ఆ సన్న పట్టాయే బాటలను గాళ్లు గాళ్లుగా కోసింది కూడా. రబ్బరు టైరు బండి వచ్చాక అవే ఎడ్లు ఎక్కువ బరువు లాగగలిగాయి. లోతుగా మెత్తని నేల ఉంటే, కింద గట్టి అడుగు దొరకకపోతే, అప్పుడు వెడల్పు టైరు మేలు. దిగకుండా పైన తేలుతుంది. కాని ఆ తేలడం గాలి తగ్గిస్తేనే. నిండు లోడు మీద గాలి తగ్గించరాదు. చూశారా, పేచీ ఎక్కడుందో?

ఏ.టి. టైరు బటన్ల నడుమ సందులు వెడల్పుగా ఉంటాయి. చక్రం తిరిగినప్పుడు ఆ సందుల్లోని మట్టి విసిరివేయబడి కొత్త అంచు నేలను పట్టుకుంటుంది. ఎర్రమట్టి, ఇసుక, కంకర, మొరం వీటి మీద ఇది చక్కగా జరుగుతుంది. బటను మందం గనుక రాళ్ల కోతకూ తట్టుకుంటుంది. తాండూరు వైపు నాపరాయి పెచ్చుల మీద తిరిగే బండ్లకు ఈ టైర్లు నిజంగా మేలు చేస్తాయి. నల్లరేగడి మాత్రం వేరు జాతి. తడిస్తే జిగురు. ఒకటి రెండు తిప్పుల్లోనే సందులన్నీ మూసుకుపోయి, ఎంత ఖరీదు టైరయినా గుండు టైరే అవుతుంది. టైరు చెంప మీద ఎం ప్లస్ ఎస్ అని అక్షరాలుంటే బురదకూ మంచుకూ పనికివస్తుందని దుకాణంలో చెబుతారు. అది బటన్ల తీరును చెప్పే గుర్తు మాత్రమే. మన రేగడిలో ఎవరూ దాన్ని పరీక్ష చేయలేదు.

ఇంకొక సంగతి. ఇది నా శాఖకు సంబంధించినది గనుక కొంచెం ఎక్కువ చెబుతాను. ఆ రైతు బాట దాటాక బండిని ఏకంగా క్యారెట్ మళ్లలోకి తోలి అక్కడే నింపుతున్నాడు. పెద్ద టైర్లు వేస్తే ఇంకా లోపలికి తోలవచ్చునని ఆశ. నేను అడిగాను, “అన్నా, పోయిన పంటలో ఈ తలాపు మళ్లలో గడ్డ ఎట్లా వచ్చింది?” అని. “కురచగ వచ్చింది సారూ. సగం గడ్డలు రెండు కాళ్ల లెక్క చీలినయ్. విత్తనం మంచిది కాదనుకున్న” అన్నాడు.

చేతిలో ఇనుప సువ్వ ఉంది. మడి నడుమ గుచ్చితే మూరెడు దిగింది. బండి చక్రాలు పోయిన జాడలో గుచ్చితే బెత్తెడు లోతులో రాయి తగిలినట్టు ఆగిపోయింది. విత్తనం తప్పు కాదు. నేల గట్టిపడిపోయింది. క్యారెట్ వేరు కిందికి పోవాలంటే మెత్తని నేల కావాలి. గట్టిపొర తగిలితే కొన చీలి పక్కలకు పోతుంది. చీలిన గడ్డను మండిలో ఎంతకు అడుగుతారో మీకు తెలుసు.

ట్రాక్టరు పోతే రాని ఇంత గట్టిదనం చిన్న పికప్పుతో ఎట్లా వచ్చిందని ఆయనకు ఆశ్చర్యం. టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపు దానిలో ఉన్న గాలి ఒత్తిడంతే ఉంటుంది. ట్రాక్టరు వెనక టైరులో 14 పాయింట్ల చొప్పున గాలి ఉంటే, చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పడుతుంది. పికప్పు వెనక టైరులో 60 పాయింట్లుంటే నాలుగు కిలోలకు పైన. 950 కిలోలు మోసే ఆ పికప్పు టైరు నేలను తాకేది వేళ్లు చాచి పెట్టిన ఒక చేతి ముద్రంత చోటులో మాత్రమే. ఏనుగు పాదం కంటె గునపం మొన ఎక్కువ లోతు దిగదూ? టైరు కొంచెం లావుదయినా, సరుకు మోయడానికి దానిలోనూ అంతే గాలి పెట్టాలి గనుక ఈ నొక్కుడు పెద్దగా తగ్గదు. అందుచేత రోడ్డు బండి తడి మడిలోకి పోరాదు, టైరు ఏదైనా సరే.

తడి ఉన్నదా లేదా అని చూడడానికి జానెడు లోతు మట్టి తీసి గుప్పిట్లో ఉండ కట్టండి. ఉండను నడుము ఎత్తు నుంచి వదిలితే పగిలి పొడి అయితే బండి పోవచ్చు. ముద్దగా పడి అట్లాగే ఉంటే బండి గట్టు మీదనే ఆగాలి. క్రేట్లు తోపుడు బండి మీదనో, గాలి తక్కువ ఉన్న ట్రాక్టరు మీదనో గట్టుకు చేర్చుకోండి. కూలి ఎక్కువవుతుందని అంటారు. చీలిన గడ్డ నష్టం పక్కన పెట్టి చూసుకోండి.

బాటకు నేను చెప్పిన మందు చవుక. టైర్లకు అనుకున్న డబ్బులో కొంత తీసి ఆ నలభై గజాలకు పెట్టమన్నాను. ముందు రెండు పక్కలా జానెడు లోతు కాలువ తీసి నీరు పోయే దారి చేయాలి. బాట నడుమ వెన్ను ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉండాలి. నేల ఆరిన తరువాత మొరం పరిచి, తడిపి, ట్రాక్టరుతో తొక్కించాలి. నీరు పోయే దారి లేకుండా మొరం ఎంత పోసినా రేగడి దాన్ని మింగేస్తుంది. పక్క పొలాల వాళ్లు ఇద్దరు కూడా అదే బాటన పోతారు గనుక ఖర్చు పంచుకున్నారు.

టైర్ల మాటకు మళ్లీ వస్తాను. ఆయన టైర్లు నిజంగానే అరిగి ఉన్నాయి. వెనకవి రెండూ మార్చక తప్పదు. టైరు గాళ్లలో అక్కడక్కడ చిన్న మెట్టు వంటి రబ్బరు కడ్డీ ఉంటుంది. బటను ఆ మెట్టుతో సమానంగా అరిగిందంటే ఇక 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని గుర్తు, అప్పటికి మార్చవలసిందే. కొందరు అరిగిన టైరుకు వేడి బ్లేడుతో కొత్త గాళ్లు కోయించుకుంటారు. చూపుకు కొత్తదే. కాని లోపలి దారాలకు మిగిలిన పలుచని రబ్బరును కూడా కోసేసినట్టు. పికప్పుకు ఆ పని ఎన్నడూ చేయించకండి. రీట్రెడ్డు టైరు వాడితే ముందు చక్రాలకు మాత్రం వద్దు.

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. తయారైన తేదీ కూడా చూడాలి. చెంప మీద చిన్న కోడిగుడ్డు వంటి గీతలో నాలుగంకెలు ఉంటాయి. 3524 అంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని. దుకాణంలో ఏళ్ల తరబడి ఎండకు పడి ఉన్న టైరు తక్కువకు ఇస్తామన్నా వద్దనండి. ఒక ఇరుసు మీద రెండు రకాలు, రెండు కొలతలు ఉండరాదు. నాలుగు చక్రాలకు కొలత మారిస్తే స్టెప్నీ కూడా మార్చాలి. అంటే అయిదు టైర్ల ఖర్చు. ఇది లెక్కలో చాలామంది మరిచిపోతారు. నడిరాత్రి దారిలో చిన్న స్టెప్నీ బిగించి, బండి ఒక పక్కకు ఒరిగి పోతుంటే అప్పుడు జ్ఞాపకం వస్తుంది.

గాలి సంగతి రెండు మాటలు. ఉదయం, బండి తోలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఎండలో తిరిగి వచ్చాక పాయింట్లు పెరిగి కనిపిస్తాయి. ఎక్కువైందని అప్పుడు తీసేయకండి. చల్లారాక తక్కువైపోతుంది. తక్కువ గాలితో లోడు మీద పోతే టైరు చెంప ప్రతి తిప్పుకూ మడిగి విచ్చుకుంటూ లోపల కాగుతుంది. మన వేసవిలో 42, 43 డిగ్రీల ఎండకు రోడ్డు కూడా కాగుతూ ఉంటుంది. మా బావ టైరు పేలింది అందుకే. ఖాళీ బండి మొరం బాటన జారుతుంటే కొంచెం గాలి తగ్గించి మెల్లగా పోవడం తప్పు కాదు, తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవాలి. నింపే పంపు బండిలో లేకపోతే ఆ పని పెట్టుకోకండి. వెనక చక్రాలే లాగే పికప్పులు ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ జారుతాయి. వెనక ఇరుసు మీదికి రెండు మూడు బస్తాల ఇసుక వేసుకుంటే ఖర్చులేని ఉపాయం.

మళ్లీ మండికి వచ్చిన రోజున ఆయన హుస్సేనీ ఆలం దుకాణం ముందు ఆగాడు. నేనూ పోయాను. పాత కొలతే, సరుకు బండి టైరే, బరువు గుర్తు పాతదానికి తగ్గకుండా, బటన్లు మాత్రం కొంచెం లోతుగా ఉన్నవి రెండు ఉస్తాదు తీసి చూపించాడు. “పటేల్, ఇది షాన్ ఉండది. పని చేస్తది” అన్నాడు. రైతు చెంప మీద సంఖ్య తానే వంగి చదివి, కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాడు. తేదీ కూడా చదివాడు. వెనకకు రెండూ వేయించుకున్నాడు. పాతవాటిలో బాగున్నది ఒకటి స్టెప్నీకి పెట్టుకున్నాడు.

బిగించిన తరువాత ఉస్తాదు ఒక మాట చెప్పాడు, నేను చెప్పడం మరిచిపోయినది. కొత్తగా చక్రం ఎక్కించాక వంద కిలోమీటర్ల లోపల నట్లన్నీ ఇంకొకసారి బిగించుకోవాలి, మొదటి రోజుల్లో అవి సడలుతాయి. మీ ఊళ్లో పానా లేకపోతే బండితో ఇచ్చిన పానాతోనే, ఎదురెదురు నట్లు వరుసగా, కాలితో తొక్కకుండా చేతి బలంతో బిగించండి.